రెండుతో మొదలయ్యే లెక్క

మా వైపు తొలిచూలు బిడ్డని
'ఒకటి' అని ఎవరూ పిలవరు.
పిలిస్తే ముందు వినేది నీళ్ళలో ఉంటుందట.
అందుకే పెద్దవాడు హాయ్, అంటే రెండు.
వాడి వెనక బా, తూ, నమ్...
అలా తొమ్మిదో కాన్పులో పుట్టి కూడా
పది అయింది మా మేనత్త,
మూయ్ న్యాన్.

తూ బాబాయి తద్దినం నాడు ఏటా వస్తుంది
కొబ్బరి పీచు బస్తాల పడవలో
బస్తాల మీదే కూచుని.
ఒక గిన్నె అన్నం, ఒక బాతుగుడ్డు, రెండు సిగరెట్లు.
తూముగట్టు మీద పరిచి
నదికి హాజరు వేస్తుంది.

"ఉత్తరాన దిగిన డ్రాగన్ అదృష్టం చూడు,
హా లోంగ్‌లో రాళ్ళై కూచుంది, టికెట్టు పెట్టి చూస్తారు.
థాంగ్ లోంగ్‌లో లేచింది, రాజధాని కట్టారు.
మనది దిగిందీ లేదు లేచిందీ లేదు,
పనిచేసింది.
మంచుకొండల నుంచి మట్టి మోసుకొచ్చి
సముద్రం ముందు దించలేక
తొమ్మిది నోళ్ళు తెరిచింది."

వేళ్ళు మడుస్తుంది.
తియెవ్. దాయ్.
బా లాయ్ అన్నాక ఒకసారి నా వైపు చూస్తుంది.
హామ్ లువోంగ్. కో చియెన్.
కుంగ్ హావ్. దిన్ ఆన్.
బాత్ సాక్ దగ్గర వేలు సగమే వంగుతుంది.
అది మేట వేసి మేట వేసి
ఎప్పుడో మాట పడిపోయిన మొగ.
చన్ దే.
"ఏడూ ఒక సగం," అంటుంది.
"నీదాన్ని ఎందులో కలపను?"

నాది బా లాయ్.
దాని నోరు మూయడమే నా ఉద్యోగం.
పొద్దునా సాయంత్రం సీసా ముంచి ఉప్పు కొలుస్తాను,
లోపలెంత, బయటెంత,
నీలం గీతల రిజిస్టరులో రాస్తాను.
ఉప్పు ఎగదన్నిన ఏడు
మా మామగారి పంపర పనస తోట
నిలబడే ఎండిపోయింది,
కాయలు పట్టుకుంటే గలగలలాడాయి.
కాబట్టి తలుపులు తప్పని నేననను.
అత్త కూడా అనదు.
ఆమె తగువు వేరే.

తూ బాబాయి ఈ మొగలోంచే వేటకి వెళ్ళాడు,
తలుపులు లేని రోజుల్లో.
గాలివాన తర్వాత మిగతా పడవలొచ్చాయి.
"వాడికి దారి కొత్త కాదు," అంటుంది.
"ఎడమన నీటికొబ్బరి గుబురు,
కుడిన ఇసక తిన్నె,
కళ్ళు మూసుకునైనా వస్తాడు.
వచ్చేసరికి మీరు గోడ కట్టారు.
ఇప్పుడు వచ్చి ఇనుము తడిమి
వెనక్కి పోతుంటాడు."

కెరటాలత్తా, అన్నాను ఒకసారి.
"కెరటానికి ఎముకలుంటాయా?
నేను విన్నది మెటికల చప్పుడు."

ఈ ఏడు ఏమీ అనలేదు.
చెవి ఆనుతుందేమో అనుకున్నాను, ఆనలేదు.
సిగరెట్లు వెలిగించి గట్టు మీద నిలబెట్టి
అవి కాలేదాకా కూచుని
బాతుగుడ్డు వొలిచి సగం నాకిచ్చి
పడవెక్కింది.
పీచు బస్తాల మధ్య
ఆమె తల చాలాసేపు కనబడింది.

సాయంత్రం ఏడో తలుపు దగ్గర సీసా ముంచాను.
అడుగున రబ్బరు పట్టీ కుళ్ళింది,
వేలెడు సందు.
అక్కడ నీళ్ళు ఇటూ అటూ
గుక్క తిప్పుకుంటున్నాయి.
వేలు పెట్టి చూశాను, చల్లగా లాగింది.
నాలుక మీద వేసుకుంటే
ఉప్పూ కాదు, తీపీ కాదు.

రిజిస్టరులో ఒక గడి ఉంది, 'కారుడు' అని.
తేదీ వేశాను, వేళ వేశాను.
ఆ గడిలో
'లేదు' అని రాసి
సంతకం చేశాను.